చెయ్యి ఉన్న చోట చీకటి

అడిగిన ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పే అలవాటు సన్యాసయ్య మేష్టారికి లేదు. పేరుకే సన్యాసి, కాఫీ విషయంలో పరమ సంసారి. మాడుగుల కొండల అంచున, మూతబడిన కాఫీ గిడ్డంగిలో ఆయన కాంతి పాఠాలు చెప్పేవారు, శిష్యుల చేత హోలోగ్రాములు, అంటే లోతుతో సహా కనబడే కాంతి బొమ్మలు, తీయించేవారు. ఎవరు ఏం అడిగినా గ్లాసు కింద పెట్టి, “చేసి చూద్దాం పద” అనడమే ఆయన పద్ధతి.

ఆ ఏడు ఆయన గుండె కవాటం దెబ్బతింది. వెంటనే పట్నం తీసుకెళ్లి ఆపరేషను చేయించాలన్నారు. ఈ వయసులో మళ్లీ కొండెక్కడం అనుమానమేనని డాక్టరు ధాత్రిని పక్కకు పిలిచి చెప్పాడు. ధాత్రి ఆయన దగ్గర అందరికన్నా ఎక్కువకాలంగా ఉన్న శిష్యురాలు. ఆ భయం నోట అనలేక, శాస్త్రం చాటున అడిగింది.

“మేష్టారూ, రాబోయే కాలపు తెరల్లో మనిషి గది మధ్యన అచ్చంగా నిలబడతాడంటున్నారు కదండీ. చుట్టూ తిరిగి చూడొచ్చంటున్నారు. అలాగైతే మనిషి పోయినా ఉన్నట్టే కదా?”

మేష్టారు గ్లాసు కింద పెట్టి ఆమె ముఖంలోకి చూశారు. “పెద్ద హోలోగ్రాము ప్లేటు ఒకటి దాచుకున్నావు కదూ? తీసుకురా. నా చెయ్యి తీద్దువుగాని.”

ధాత్రికి ప్రాణం లేచొచ్చింది. మనిషంతా కాకపోయినా ఆ చెయ్యి మిగిలితే చాలనుకుంది. మామూలు ఫొటో వెలుగు ఎక్కడ ఎంత పడిందో మాత్రమే రాసుకుంటుంది. వీళ్ల ప్లేటు అలా కాదు. లేజరు కాంతిని రెండు పాయలు చేస్తారు. ఒక పాయ వస్తువు మీద పడి వస్తుంది, ఇంకోటి తిన్నగా వస్తుంది. రెండూ కలిసిన చోట పుట్టే సన్నటి చారలను ప్లేటు దాచుకుంటుంది. తర్వాత దానిమీద మళ్లీ లేజరు వేస్తే, ఆ వస్తువు మీంచి బయల్దేరినట్టే వెలుగు బయల్దేరుతుంది; కన్ను తేడా కనిపెట్టలేదు. ఆ చారలను క్షణక్షణం చెరిపి కొత్తగా రాయగల తెర వస్తే బొమ్మ నడుస్తుంది కూడా. కానీ తీసేటప్పుడు మాత్రం ఏదీ కదలకూడదు. వెంట్రుక మందంలో వందో వంతు కదిలినా చారలు చెరిగిపోతాయి.

అందుకే ఆ గిడ్డంగిలో ఒక ఆచారం ఉండేది. ఫ్యాన్లు కట్టేసి, నీళ్ల మోటారు ఆపి, గోడమీది బల్లిని కూడా అదిలించి, అదురు తగలకుండా ఇసుక నింపిన బల్ల కుదుటపడేదాకా అందరూ నోరు మెదపకుండా కూర్చునేవారు. గుళ్లో కూడా వాళ్లంత నిశ్శబ్దంగా ఉండి ఎరగరు.

ఆ రోజూ అలాగే చేశారు. మేష్టారు బల్లమీది ఇసుకలో చెయ్యి ఆనించారు. వెనకగా కాఫీ గ్లాసు, పక్కన కళ్లజోడు పెట్టించారు. ఎన్నో ఏళ్లుగా అద్దాలను మరలు తిప్పి సరిచేసిన ఆ చెయ్యి వణుకు ఎరగదని శిష్యులందరికీ గర్వం. ధాత్రి పాఠం రాని మనిషేం కాదు. అభిమానం పాఠాన్ని మింగేసింది, అంతే. ఊపిరి బిగబట్టి లేజరు తెరిచి, మూసింది.

ప్లేటు కడిగి, ఆరబెట్టి, కాంతి వేసి చూశారు. ఇసుక రేణువు రేణువుగా కనబడింది. కళ్లజోడు పట్టుకుంటే చేతికి వచ్చేలా ఉంది. చెయ్యి మాత్రం లేదు. అది ఉన్నచోట అయిదు వేళ్ల చీకటి ఉంది.

ధాత్రి ఏడ్చేసింది. ఏడుస్తూనే తల కొంచెం పక్కకు జరిపింది. ఆ చీకటి వెనకనుంచి కాఫీ గ్లాసు అంచు మెల్లగా బయటికి వచ్చింది. ఇటు జరిగితే మళ్లీ చాటుకు పోయింది. అది మరక కాదు. లోతుగా, నిండుగా, మేష్టారి చేతి కొలతలోనే గాలిలో నిలబడి ఉంది. ఏడుపు ఎప్పుడు ఆగిందో ఆమెకే తెలియదు. తనకు తెలియకుండానే చెయ్యి చాచింది, అంతలోనే భయమేసి వెనక్కి తీసుకుంది. వెనక నిలబడ్డ శిష్యులు చేతులు కట్టుకుని అలాగే చూస్తుండిపోయారు. అంత అందమైన చీకటిని వాళ్లెవరూ అంతకుముందు చూడలేదు.

ధాత్రి కళ్లు తుడుచుకుని మేష్టారి వైపు తిరిగింది. “రెప్పపాటులో మెరిసి ఆరే లేజరు తెప్పిస్తానండీ. నాడి కొట్టుకుని చెయ్యి కదిలేలోపే పట్టేయొచ్చు.”

“తెప్పించు. ముందు ఇది పట్టుకో,” అని మేష్టారు తన చెయ్యి ఆమె చేతిలో పెట్టారు.

వెచ్చగా ఉంది. మణికట్టు దగ్గర నాడి తడబడుతూ, ఆగినట్టే ఆగి మళ్లీ అందుకుంటూ ఆమె వేళ్లను తడుతోంది. ధాత్రి దాన్ని వదల్లేకపోయింది.

మేష్టారు నవ్వారు.

“కదలొద్దంటే గ్లాసు విన్నది, కళ్లజోడు విన్నది. ఇది నా మాటే వినదమ్మా. వినే రోజున నీ ప్లేటుమీద చాలా బాగా పడతాను.”