రాజుగారి కంటికి ఆనని ద్రాక్షారసం

ఒకానొక రాజ్యంలో, అదీ మన దగ్గర కాదు, ఇటలీ కొండల్లో, అల్దొబ్రాందో అనే రాజు ఉండేవాడు. ఆయనకు తన కళ్లంటే మహా గర్వం. ద్రాక్షారసాన్ని గాజుగిన్నెలో పోయించి కిటికీ వెలుగుకు పట్టి చూసేవాడు. రంగు చిక్కగా ఉంటే అసలుది, పల్చగా ఉంటే నీళ్లు కలిపింది. తీర్పు అయ్యేదాకా పెదవికి తగలనిచ్చేవాడు కాదు. నీళ్లు కలిపినవాడికి కుడిచెయ్యి నరకడం ఆయన శాసనం.

ఆ ఏడు నేలమాళిగలో పీపాలు చూసుకునే గాస్పారో, నెబ్బియోలో అనే ద్రాక్షతో చేసిన కొత్త రసం తెచ్చాడు. కొండలమీద పొగమంచు దిగితే గాని కోతకు రాని పండది. దాని రంగు పుట్టుకతోనే పల్చన, వగరు మాత్రం జాస్తి. తోటవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. రాజుగారికి చెప్పేదెవరు? పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

రాజు గిన్నె ఎత్తి చూశాడు. "నీళ్లు," అన్నాడు. అంతే. భటులు చెయ్యి నరికే మొద్దు తెచ్చి సభ మధ్యన పడేశారు.

గాస్పారోకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆ చేత్తోనే గదా పెళ్లాంబిడ్డలకు ఇంత కూడు పెట్టేది. రాజు ముందు చేతులు జోడించాడు.

"ప్రభూ, ఒక్క మనవి. రెండు గిన్నెలు తెస్తాను. ఒకటి అచ్చమైన ద్రాక్షారసం, రెండోదాంట్లో నీళ్లున్నాయి. ఏది ఏదో సభలో తమరే సెలవియ్యండి. తమ మాటే తీర్పు."

రాజుకు అది పొగడ్తలా వినబడింది. "తే," అన్నాడు.

గాస్పారో నేలమాళిగకు వెళ్లి ఒక గిన్నెలో ఆ నెబ్బియోలోనే పోశాడు. రెండోదాంట్లో బావినీళ్లు పోసి, కంచెమీది నల్లపండ్లు గుప్పెడు నలిపి వడగట్టాడు. ఓడితే చెయ్యి పోతుంది. గెలిస్తే రాజును నవ్వులపాలు చేసినందుకు తలే పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

రాజు రెండూ వెలుగుకు పట్టాడు. నల్లటిదాన్ని పైకెత్తి, "ఇదీ అసలు ద్రాక్షారసం," అని సభంతా వినేట్టు చెప్పాడు. మంత్రి రాసుకున్నాడు. రాజు దర్జాగా ఒక గుక్క తాగాడు. తాగి ఆగిపోయాడు.

"ఇవి నీళ్లురా," అన్నాడు మెల్లిగా.

గాస్పారో తల వంచాడు.

"నేను పోసినప్పుడు బావినీళ్లే ప్రభూ. తమరు ద్రాక్షారసమన్నారు, తమ మాటకు తిరుగులేదు. కానా ఊరి పెళ్లిలో నీళ్లను ద్రాక్షారసం చేసిన ఏసుప్రభువు తర్వాత ఈ మహిమ తమరిదే. నీళ్లే ద్రాక్షారసమయ్యే కొలువులో, నీళ్లు కలపడం నేరమెలా అవుతుంది?"

గాస్పారో కుడిచెయ్యి చొక్కాలో దాచుకుని కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపటికో రాజు బొజ్జ కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. ఆ తర్వాత కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

పల్చటి గిన్నె తీసుకుని తాగాడు. మొహం వంకర్లు పోయింది. "ఇదేమిట్రా, నాలుక పట్టేసింది."

"కొత్తది గదా ప్రభూ, వగరు. పదేళ్లు పీపాలో ఉంటే అమృతమవుతుంది."

"అయితే పదేళ్ల తర్వాత ఈ చేత్తోనే పొయ్యి," అని రాజు తన ఉంగరం తీసి గాస్పారో కుడిచేతికి తొడిగాడు. తనే ఆ వేలు పట్టుకుని మరీ తొడిగాడు. మొద్దును తీసుకుపోయి ఆ పీపాకింద ఎత్తు పెట్టుకోమన్నాడు.

గాస్పారో పదేళ్లూ ఆ పీపాను కంటికి రెప్పలా చూసుకున్నాడు. మొద్దును మాత్రం ఎప్పుడు జరపాల్సొచ్చినా ఎడంచేత్తోనే జరిపాడు.