అలికిన గోడ ముక్క

ఓబులేసు ఆ పొద్దు సంగటి ముట్టలేదు. చెక్క పలక ఒకటి రెండు చేతుల్లో పట్టుకుని మౌలాబాబా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

మౌలాబాబా దర్గా వెనక గదిలో బొమ్మలు చేసుకుంటూ బతికే సూఫీ గురువు. ఆయన బొమ్మ ఒట్టి రంగుతో అయ్యేది కాదు. గోనెపట్టా, ఇసుక, చెట్టు బెరడు, పగిలిన పెంకు, ఏది దొరికితే అది పలకకు బంకతో అతికించి దాని మీద రంగు వేస్తాడు. ఓబులేసు ఆరేళ్లుగా ఆయన శిష్యుడు. మంచి పనివాడే. కాకపోతే రంగు విషయంలో అతని చేతికి ఎముక లేదు. కుంచె ముంచాడంటే నేలంతా చుక్కలే.

పలక మీద మూరెడు మట్టిపెళ్ల అతికించి ఉంది. రోడ్డు వెడల్పు చేయడానికి తమ ఇల్లు పడగొట్టిన రోజు అతను దక్కించుకున్నది అదొక్కటే. ఎర్రమన్నూ పేడా కలిపి వాళ్లమ్మ లక్షుమ్మ అలికిన గోడ ముక్క. దాని మీద ఆమె నాలుగు వేళ్ల చారలు వంపు తిరిగి ఉన్నాయి. ఆమె పోయి రెండేళ్లయింది. ఫోటో ఒక్కటి కూడా లేదు.

“దూరం నుంచి చూస్తే ఇది ఒట్టి మట్టిపెళ్ల బాబా. చారలు కనపడవు. తెల్లరంగేస్తే తేలతాయనుకున్యా. తడికి మన్ను కరుగుతాదని ముందు బంకనీళ్లు పూసినా.”

కింది మూల చూపించాడు. అక్కడ బంకనీళ్లకే మన్ను జారిపోయి నున్నగా ఉంది. చారల చివర్లు లేవు.

“మా అమ్మను నేనే చెరిపేసినా బాబా.”



బాబా అరిగిపోయిన గరుకు కుంచె ఒకటి తీసి చిక్కటి తెల్లరంగులో ముంచాడు. ఓబులేసు పలకను గుండెకు హత్తుకుని వెనక్కి జరిగాడు.

ముంచిన కుంచెను బాబా తన భుజం మీది ఆకుపచ్చ కండువాకు తుడిచాడు. మళ్లీ తుడిచాడు. కండువా కొస తెల్లగా అయ్యేదాకా తుడుస్తూనే ఉన్నాడు. చివరికి ముంజేతి మీద రాసుకుని చూశాడు. ముడతల అంచులకు కాస్త తెలుపు అంటింది, అంతే.

“పట్టుకో.”

“దీంట్లో రంగేడుంది బాబా?”

“ఉంటే నీకిస్తానా?”

ఓబులేసు తలవంచుకుని కుంచె అందుకున్నాడు.

“చారల వెంబడి పోవద్దు. అడ్డంగా పో. ఊరికే తాకించు.”

ఓబులేసు ఊపిరి బిగబట్టి కుంచెను ఏటవాలుగా లాగాడు. మొదటిసారి ఏమీ కనపడలేదు. రెండోసారీ అంతే. ఐదారుసార్లు లాగాక, వేలికీ వేలికీ మధ్య ఉబ్బిన గట్ల మీద తెలుపు పట్టడం మొదలైంది. పేడలోని గడ్డిపరకలు తేలాయి. గాజులు ఒరుసుకున్న గీత కూడా ఒకటి తేలింది. అది ఉందని అతనికి ఇన్నాళ్లూ తెలియదు. మన్ను మాత్రం చెక్కుచెదరలేదు.

వాకిలి దాకా వెనక్కి నడిచి చూశాడు. అక్కడికి కూడా ఆ చెయ్యి కనపడుతోంది. ఎవరో ఇప్పుడే గోడ అలికి చేతులు కడుక్కోవడానికి పోయినట్టుంది.

ఓబులేసు సంతోషం పట్టలేకపోయాడు. పాత బుద్ధి ఊరుకుంటుందా? గబగబా వచ్చి కుంచె మళ్లీ రంగులో ముంచబోయాడు.

“చారల లోపల రంగే పడలేదు బాబా. ఆడ ఇంకా ఒట్టి మన్నే ఉంది. ఇంకొక్కసారి వేస్తే...”

బాబా రంగుగిన్నె మీద అరచెయ్యి మూశాడు.

“ఆడ ఉండేది ఎవురు ఓబులేసూ?”

ఓబులేసు పలక వైపు తిరిగాడు. తెల్లటి గట్ల నడుమ నాలుగు ఎర్రటి దారులు, వాళ్లమ్మ వేళ్లు నడిచిన దారులు, రంగు అంటకుండా ఉన్నాయి. కుంచె కింద పెట్టేశాడు. వాటి ముందు కూలబడి, రెండేళ్లుగా రాని ఏడుపంతా ఏడ్చాడు.

బాబా లేచి తలుపు దగ్గరగా వేసి, లోపలికి ఎవరూ రాకుండా బయట మెట్టు మీద కూర్చున్నాడు.