పిడుదుల మీద జాలిపడిన మంగతాయారు

చెరకుతోట పక్కన ఒక పశువుల పాక. ఆ పాకలో మంగతాయారు అనే గేదె, దాని వీపు మీద చిట్టెమ్మ అనే కొంగ. మూడేళ్ళ స్నేహం వాళ్ళది. గేదె ఒంటికి పట్టి రక్తం తాగే పిడుదుల్ని కొంగ ఏరుకు తినేది. వీపు మీంచి నాలుగు వైపులా చూస్తూ, నక్క జాడ కనబడితే కేకేసేది. ఆ చుట్టుపక్కల జంతువులన్నిటికీ ఫోన్లున్నాయి, ఓ గ్రూపూ ఉంది. వాటికి ఫోన్లెందుకని నన్నడక్కండి, మనకెందుకో వాటికీ అందుకే.

మంగతాయారు ఈనిన ఎనిమిదో రోజున నక్క గవర్రాజు గ్రూపులో ఫోటో పెట్టాడు. నోట్లో దోసకాయ, మొహం నిండా దయ. "ఇవాళ్టి నుంచి నేను వీగన్‌ని. మాంసం, గుడ్లు, పాలు, తేనె, ఏదీ ముట్టను. ప్రాణమున్నదాన్ని తినేవాళ్ళు మన మధ్య ఉండటం సిగ్గుచేటు."

మంగతాయారు మనసు కరిగిపోయింది. పుట్టినప్పట్నించీ గడ్డే తింటున్నా, అందులో ఇంత గొప్ప ఉందని దానికి ఇప్పుడే తెలిసింది. వెంటనే రాసింది: "గవర్రాజుగారిని చూసి బుద్ధి తెచ్చుకోండి. ఇకమీదట నా వీపు మీద ప్రాణహత్య జరగడానికి వీల్లేదు. చిట్టెమ్మ వదినా, నీకే చెబుతున్నా."

చిట్టెమ్మ అప్పుడు ఆ వీపు మీదే కూర్చుని ఉందండీ! తల తిప్పి చెబితే సరిపోయేదానికి ఊరందరి ముందూ అనాలా? కొంగకి ఒళ్ళు మండింది. అదీ ఫోనే అందుకుంది: "అలాగా వదినా? మరి నీ దూడ తాగేవి పాలే కదా. రేపట్నించి దానికీ దోసకాయ పెట్టు."

గ్రూపంతా పగలబడి నవ్వింది. పచ్చి బాలింత, పిల్ల జోలికొచ్చేసరికి మంగతాయారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగను బ్లాక్ చేసి, తోకతో ఒక్కటిచ్చి వీపు మీంచి తోలేసింది. "శభాష్ అక్కా" అని గవర్రాజు దండాల బొమ్మ పెట్టాడు.

నాలుగు రోజులు తిరిగేసరికి పిడుదులు పండగ చేసుకున్నాయి. చెవుల్లో, పొదుగు కింద, తోక మొదట్లో, ఎక్కడ చూసినా అవే. ఎన్ని గుంజలకు రాసుకున్నా దురద తీరలేదు.

"గుంటలో మెడదాకా మునుగు అక్కా, హాయిగా ఉంటుంది," అని గవర్రాజు మెసేజ్. "పిల్లకేం భయం? నేను ఏటి అవతల దోసపాదు దగ్గరున్నా."

పాపం, నమ్మింది. దూడను పాకలో పడుకోబెట్టి గుంటలో దిగింది.

తాడిచెట్టు మీంచి చిట్టెమ్మ చూస్తే, ఏటి అవతల ఉండాల్సిన తోక చెరకు సందుల్లోంచి పాక వైపు కదులుతోంది. మెసేజ్ పెడదామంటే బ్లాకు. ఎగిరొచ్చి గేదె నెత్తి మీద వాలింది.

"వదినా, నక్క! దూడ దగ్గరికి పోతున్నాడు!"

"ఆ మహానుభావుడి మీద చాడీలా? ఫో, నీ మాట నేను వినను."

చెబితే వినదు, కోపమన్నా తెచ్చుకుంటుంది కదా అనుకుంది చిట్టెమ్మ. చెవిలోంచి లావుపాటి పిడుదును లాగి, దాని కళ్ళెదుటే గుటుక్కున మింగింది.

"తిన్నా! ఏం చేస్తావ్? దమ్ముంటే పట్టుకో!"

మంగతాయారు బుసకొడుతూ గుంటలోంచి లేచింది. కొంగ కొమ్ములకి అందీ అందనట్టు నేలబారుగా ఎగురుతూ తిన్నగా పాకలో దూరింది. వెనకాలే గేదె.

అక్కడ దూడ వెనక్కాలు గవర్రాజు నోట్లో ఉంది. గేదెను చూసి వదిలేశాడు.

"అ... అక్కా, పిల్లకి నాలుగు మంచి మాటలు చెబుదామనీ..."

కొమ్ము ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. గవర్రాజు ఈసారి నిజంగానే ఏరు దాటాడు, కుంటుకుంటూ. గ్రూపులోంచి కూడా తనే పోయాడు.

మంగతాయారు దూడను తల నుంచి తోక దాకా నాకి చూసుకుంది. కాలి మీద చిన్న గీత, అంతే. "హమ్మయ్య!" అని అక్కడే కూలబడింది.

"వదినా, పాపిష్టిదాన్ని, నిన్ను అందరి ముందూ అలా..."

"నేను మాత్రం తక్కువ తిన్నానా? పసిదాని పాల మీద మాటన్నాను. నాలుగు రోజులుగా నాకు నిద్ర లేదు."

"కానీ నువ్వు పురుగుల్ని తినడం నాకిప్పటికీ నచ్చదే."

"నీ ఎండుగడ్డి నాకూ నచ్చదు. నిన్ను మానమన్నానా?"

ఇద్దరికీ నవ్వాగలేదు.

"ఇకమీదట ఏదన్నా ఉంటే నా మొహం మీదే అను వదినా," అంది మంగతాయారు కళ్ళు తుడుచుకుంటూ.

"అంటాలే. ముందు కాస్త కదలకుండా ఉండు, వీపెక్కుతాను."

తిండి దగ్గర తేడా వస్తే ఎదురుగా కూర్చుని తేల్చుకోండి, ఆపదలో ఎగిరొచ్చే నేస్తాన్ని మాత్రం బ్లాక్ చెయ్యకండి.