బోడన్న మెడలో గంట

గొర్రెల సంగతి చెప్పే అర్హత నీకెక్కడిదని అడగొద్దు. బడికి వెళ్లిన కొద్దిరోజులూ మా మేష్టారు నన్ను గొర్రె అనే పిలిచారు. ఆ చుట్టరికం చాలదా?

అనగనగా ఒక వాగు. వాగొడ్డున గొర్రెల పక్షం, ఎదురుగా రాళ్లగుట్ట మీద మేకల పక్షం. ఒడ్డున గడ్డి ముందు ఎవరు మేయాలన్నది ఎప్పుడూ తగువే. అందుకని ఏడాదికోసారి గొర్రెలు తమ తరఫున మాట్లాడేందుకు ఒకరిని ఎన్నుకునేవి. ఎన్నికంటే మరేం లేదు, ఒక్కో గొర్రె తనకు నచ్చినవారి పేరు చెప్పి, తన బొచ్చులోంచి ఒక పోచ ఇస్తుంది. గెలిచినవారు మాత్రం ఇవ్వకూడదు. ఆ పోచలన్నీ తాడుగా పేని, దానికి గంట కట్టి, గెలిచినవారి మెడలో వేస్తారు. తల వంచితే జారిపోయేంత వదులుగా వేస్తారు. ఇక గంట ఎటు కదిలితే మంద పిల్లలు అటు నడుస్తాయి. గంట నింపాదిగా మోగితే కాపలా కుక్క కునుకు తీస్తుంది. గబగబా మోగితే ఆపదని తెలిసి దౌడు తీస్తుంది.

ఆ ఏడాది గంట బోడన్నకు దక్కింది. కొమ్ములు మొలవని పొట్టేలు, అందుకే ఆ పేరు. కొమ్ముల లోటు గంటతో తీరిందని మురిసిపోయి, దాహం లేకపోయినా నీళ్లలో నీడ చూసుకోడానికి వాగుకు వెళ్తుండేవాడు.

అక్కడే దొరికిపోయాడు నక్కకు. మేకల పక్షానికి మంతనాలు నడిపేది తనేనని చెప్పుకుంటుంది ఆ నక్క. ఈమధ్య మాంసం మానేశానని కూడా చెప్పుకుంటోంది.

"ఏం బావా! ఇంత గంట పెట్టుకుని ఈ బురదలో ఏంటయ్యా? గుట్టెక్కు. మేకలు నిన్ను గుట్టపెద్దను చేస్తామంటున్నాయి."

"మావాళ్లు నన్ను ఎన్నుకున్నది ఆ మేకలతో తగువులాడమని కదా?"

"లోపలికొచ్చి తగువులాడు, ఎవరొద్దన్నారు? ఇదంతా మంద అభివృద్ధి కోసమేనని చెప్పు. అందరూ అలాగే చెబుతారు."

బోడన్న మందలోకి వెళ్లి అలాగే చెప్పాడు. ముసలి గొర్రె పుల్లమ్మ నెమరు ఆపింది. తల్లి పోయిన బోడన్నకు పాలిచ్చి పెంచింది ఆమే.

"వెళ్తే వెళ్లు నాయనా. తల వంచి గంట ఇచ్చేసి వెళ్లు."

"గంట నాదే కదా పెద్దమ్మా!"

"ఆ తాడులో నీ పోచ ఏదో చూపించు."

బోడన్న జవాబు లేనివాళ్లు చేసే పనే చేశాడు. తల ఎగరేసి బయల్దేరాడు.

గుట్ట మొదట్లో నక్క ఎదురొచ్చి, పచ్చటి తీగ ఒకటి కండువాలా అతని మీద కప్పింది. మేక ఒక్కటీ కనిపించలేదు.

"నన్ను పిలుచుకుపోడానికి ఎవరూ రాలేదేం?"

"పైన ఏర్పాట్లలో ఉన్నారులే. పద, పద," అంది నక్క. దాని చూపు బోడన్న మీద లేదు, అతని వెనక ఉంది.

బోడన్న తిరిగి చూశాడు. మంద పిల్లలన్నీ గంట వెంట వచ్చేశాయి. అన్నిటికన్నా చిన్నది మచ్చి. రాళ్ల మీద కాళ్లు జారి పడుతూ, మళ్లీ లేస్తూ వస్తోంది.

"నువ్వెందుకొచ్చావే?"

"గంట వచ్చింది కదా మావా," అంది మచ్చి, అదేం ప్రశ్న అన్నట్టు.

బోడన్న నక్క వైపు తిరిగాడు. దానికి నోరూరుతోంది. పైన ఏర్పాట్లు ఏ విందుకో బోడన్నకు అప్పుడర్థమైంది. గంట ఊపి కుక్కను పిలుద్దామంటే, అది వచ్చేలోగా మచ్చి నక్క నోట్లో ఉంటుంది.

"బావా," అన్నాడు మెల్లగా, "నువ్వు నాకు కండువా కప్పావు. నేనూ మర్యాద చేయొద్దూ? ఈ గంట నువ్వు వేసుకో. ఇక పిల్లలు నీ వెనకే వస్తాయి, నువ్వు ఎక్కడికంటే అక్కడికి."

పొదల చాటుకు నడిపించుకుపోతే ఇక అడ్డేముంది! నక్క లోలోపల గంతులేసింది. "నీ అభిమానం కాదనలేను," అంటూ మెడ చాపింది. బోడన్న తల వంచాడు. గంట జారి నక్క మెడలో పడింది.

నక్క కదిలింది. గంట మోగింది. మచ్చి కాలు అటే లేచింది.

"మచ్చీ! ఇలా రా తల్లీ!"

గంట లేని ఒట్టి గొంతు. చిన్నప్పుడు పుల్లమ్మ తనను పాలకు పిలిచినట్టే పిలిచాడు బోడన్న. మచ్చి గంటను చూసింది, బోడన్నను చూసింది, వచ్చి అతని కాళ్ల మధ్య దూరింది. మిగతావీ దాని వెనకే వచ్చేశాయి.

కడుపు మండి నక్క దూకింది. బోడన్న తన బోడి తలతోనే ఒక్క కుమ్ము కుమ్మాడు. నక్క దొర్లింది, గంట గణగణమంది, కింద కుక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇక చూడాలి! నక్క పరుగెత్తేకొద్దీ గంట, గంట మోగేకొద్దీ కుక్క. చివరికి ముళ్లకంచెలో దూరి, తాడు తెంపుకుని, గంటనూ సగం తోకనూ అక్కడే వదిలి పోయింది. మేకలకు అసలీ చేరిక సంగతే తెలియదని తర్వాత తేలింది.

బోడన్న తెగిన తాడూ గంటా నోట కరుచుకొచ్చి పుల్లమ్మ ముందు పెట్టాడు. అతని మీద తీగ ఇంకా వేలాడుతుంటే పుల్లమ్మ లాగి నమిలేసింది.

"చేదుగా ఉందిరా," అంది. "సరేలే, కొత్త తాడు పేనాలి. నీ పోచ ఇవ్వు."

"నాదా? నాదీ కావాలా పెద్దమ్మా?"

"ఈసారి గంట నీకు కాదు, ఇంకొకరికి. మందలోనేగా ఉన్నావు? ఇవ్వు మరి."

బోడన్న ఒళ్లంతా వెతికి, అన్నిటికన్నా మెత్తటి పోచ పీకి ఇచ్చాడు. అప్పటికే మచ్చి అతని డొక్కకు ఆనుకుని నిద్రపోతోంది.

మెడలో గంట ఉన్నవాడు వేసే అడుగు ఒక్కడి అడుగు కాదు.