నెమలికంఠం రంగు నీళ్ళబండి

పున్నయ్యగారిని ఏమైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. చీరాల దగ్గర నేతపేటలో ఆయనది ఒక మగ్గం ఉన్న చిన్న పెంకుటిల్లు. పగలంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసేవారు. గురువారం సాయంత్రం మాత్రం మగ్గం ఆపి, వచ్చినవాళ్ళతో కూర్చునేవారు. ఆ వచ్చేవాళ్ళు పదిమందికి మించేవారు కాదు. వాళ్ళలో రిటైరైన రెవెన్యూ ఉద్యోగి ఒకాయన మోక్షం అంటే ఏమిటని అడిగి, నెలరోజులపాటు పక్కింటి గేదెకు కుడితి పెట్టాల్సి వచ్చింది. ఆయన మోక్షం సంగతేమో గానీ గేదె మాత్రం ఒళ్ళు చేసిందని పేటలో చెప్పుకునేవారు. ఆ ఇంటికి శిష్యరికానికి వెళ్ళాలంటే ఓపిక ఒక్కటే చాలదు, కాస్త సిగ్గు కూడా గుమ్మం బయట వదిలి రావాలి.

ఆ పదిమందిలో అందరికన్నా వెనక, ద్వారబంధానికి ఆనుకుని కూర్చునేవాడు మాలకొండయ్య. నలభై నాలుగేళ్ళ మనిషి. పెళ్ళయిన రెండో ఏడే భార్య పోయింది. పిల్లల్లేరు. మళ్ళీ చేసుకోమని చెప్పేవాళ్ళు కొన్నాళ్ళు చెప్పి, తర్వాత వాళ్ళూ మానేశారు. అతనికి సొంతంగా ఒక తెల్ల పికప్ బండి ఉంది. వెనక వెయ్యి లీటర్ల ట్యాంకు, దానికి మూడు కుళాయిలు. ఆరేళ్ళుగా రోజూ పొద్దున్నే మంచినీళ్ళ ప్లాంటు దగ్గర నింపుకుని, సముద్రం వైపు ఉప్పుమళ్ళ మీదుగా రొయ్యల చెరువుల దాకా వెళ్ళి పోసి వచ్చేవాడు. అటువైపు ఎంత లోతు తవ్వినా ఉప్పునీళ్ళే పడతాయి మరి.

ఆగాల్సిన చోట ఆగి హారన్ కొడితే జనం బిందెలతో వచ్చి నీళ్ళు వాళ్ళే పట్టుకునేవారు. పట్టుకోవడం అయిపోగానే ట్యాంకు మీద రెండుసార్లు చరిచేవారు. అది విని ఇతను గేరు వేసేవాడు. ఉప్పుదుమ్ము పడితే దగ్గు తెరలు తెరలుగా వస్తుందని అద్దాలు ఎత్తి, ముఖానికి తువ్వాలు చుట్టి కూర్చునేవాడు. అయినా దగ్గు వచ్చేది, అది వేరే సంగతి. ఆరేళ్ళలో సైడు అద్దంలోంచి చేతుల్నీ బిందెల్నీ చూశాడు గానీ ముఖాలు చూసింది తక్కువ. అతనికి వాళ్ళంతా సొట్టబిందె, ఎర్రమూత డబ్బా, జంట బిందెలు, ఇత్తడిబిందె ముసలమ్మ. అంతకు మించి తెలియదు, తెలుసుకోవాలని తోచనూ లేదు.

ఒక గురువారం అందరూ లేచి వెళ్ళిపోయినా మాలకొండయ్య లేవలేదు. పున్నయ్యగారు నూలు కండెలు సర్దుకుంటూ అతనివైపు చూశారు.

"అయ్యా, పోయిన నెల్లో జరమొచ్చి రెండ్రోజులు పడుకున్నా," అన్నాడు మాలకొండయ్య. "బండి ప్లాంటోళ్ళ డ్రైవరు తోలాడు. మూడోరోజు నేను పోయా. నిన్న ఏమైపోయావయ్యా అని ఒక్కరన్నా అడిగితే ఒట్టు. అదే బండి, అయ్యే నీళ్ళు. ఎవురు తోలితే ఏంది వాళ్ళకి? నేను లేకపోతే ఈ భూమ్మీద ఎవురికన్నా తెలుస్తదా అయ్యా?"

ఆ రెండు రోజులూ గదిలో పడుకుని, గ్లాసెడు కాఫీ ఇచ్చే దిక్కు లేక, గోడమీది క్యాలెండరు వంక చూస్తూ గడిపిన మనిషి అతను. జ్వరం తగ్గింది గానీ ఆ అనుమానం మాత్రం తగ్గలేదు. అప్పటినుంచి ముద్ద నోట్లో పెట్టుకున్నా, స్టీరింగు పట్టుకున్నా అదే గుచ్చుతోంది.

"అయితే ఏం చేద్దామనుకుంటున్నావు?" అన్నారు పున్నయ్యగారు.

మాలకొండయ్య కాస్త సిగ్గుపడ్డాడు. ఒంగోలులో సిగ్నల్ దగ్గర ఒక బండి చూశాననీ, పెయింటు కాదు, బండి ఒంటినిండా ఏదో ఫిల్మ్ అతికించారనీ, రోడ్డుమీద పోయేవాళ్ళంతా తలతిప్పి దాన్నే చూశారనీ చెప్పాడు. తన బండికీ అలా వేయిద్దామని ఉందన్నాడు. "నన్నెటూ చూడరు. బండినన్నా చూస్తారు గదా."

"ఏ రంగు?"

"నెమలికంఠం రంగు ఉందంట అయ్యా. ఎండకి నీలంగా, నీడకి పచ్చగా కనపడుద్దంట."

ఆ మాటకు నేతగాడి ముఖం విప్పారింది. "పడుగు ఒక రంగు, పేక ఒక రంగు పెడితే గానీ మాకు రాదయ్యా అది. వేయించు. మొదటిరోజు మాత్రం తువ్వాలు చుట్టుకోకు, హారన్ కొట్టకు. రోజూ ఆగే చోటల్లా ఆగు." ఎందుకని అడిగే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. మాలకొండయ్య దణ్ణం పెట్టి వచ్చేశాడు.

ఒంగోలు షాపులో మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ప్లాంటువాళ్ళ ఆటో వెళ్ళి నీళ్ళు పోసి వచ్చింది. బండిని సబ్బునీళ్ళతో కడిగి, తారుమచ్చలు గోకి, సొట్టలు పూడ్చారు. ఫిల్మ్ కింద ఇసుకరేణువు ఉన్నా బొడిపెలా పైకి కనిపిస్తుందట. ట్యాంకు చుట్టూ రేకు కట్టి, కుళాయిల దగ్గర చిన్న తలుపు పెట్టి, దానిమీద కూడా అతికించారు. ఇద్దరు చెరో అంచూ పట్టుకుని లాగడం, వేడిగాలి మెషిన్‌తో మెత్తబరచడం, ప్లాస్టిక్ పలకతో బుడగల్ని అంచులకు తోసేయడం, మూలల దగ్గర బ్లేడుతో కోసి లోపలికి మడవడం, ఇదంతా మాలకొండయ్య స్టూలు మీద కూర్చుని గుడ్లప్పగించి చూశాడు. రంగు మారింది కాబట్టి ఆర్టీఓ ఆఫీసులో రాయించుకోవాల్సిన కాగితం సంగతి కూడా వాళ్ళే చెప్పారు. అంతా అయ్యాక షాపువాడు బండిని ఎండలో నిలబెట్టి ఫొటో తీసి ఇతని ఫోనుకు పంపాడు. "మీవాళ్ళందరికీ పంపు అన్నా, అదిరిపోతారు," అన్నాడు. మాలకొండయ్య ఫోనులో పేర్లు పైనుంచి కిందికి రెండుసార్లు జరిపి చూశాడు. ప్లాంటు, మెకానిక్కు, టైర్ల షాపు, గ్యాసు. ఎవరికి పంపాలో తోచక ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, తువ్వాలు ఇంట్లోనే వదిలి బయలుదేరాడు. మొదట ఆగేది ఉప్పుమళ్ళ గట్టు దగ్గర. ముగ్గురు ఆడవాళ్ళు చంకన బిందెలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. బండి ఆపాడు, హారన్ కొట్టలేదు. అతను కోరుకున్నట్టే ముగ్గురూ కళ్ళు విప్పార్చి చూశారు. ఒకామె దగ్గరికి వచ్చి తలుపు మీది రంగును వేలితో రాసి, వేలికి అంటిందేమోనని చూసుకుంది.

"ఏ కంపెనీదో బా ఉంది," అంది ఆమె. "రొయ్యల మేతోళ్ళదేమో."

రెండో ఆమె అద్దం దగ్గరికి వచ్చి చెయ్యి ఊపింది. "ఇక్కడ పెట్టబాక అబ్బాయా, ముందుకు తీసుకో. నీళ్ళబండి వచ్చే చోటిది."

ఆరేళ్ళుగా వీళ్ళకు నీళ్ళు తెచ్చిన మనిషి, వీళ్ళకు మూరెడు దూరంలో, ముఖం మీద గుడ్డ లేకుండా కూర్చుని ఉంటే, చోటు ఖాళీ చెయ్యమంటున్నారు. తాను అనుకున్నది నిజమేనని తేలిపోయింది. చూశారా అయ్యా అని ఎదురుగా లేని గురువుగారితో అనుకున్నాడు. గెలిచినట్టూ అనిపించింది, ఏడుపూ వచ్చింది. గేరు వేసి ముందుకు కదిలాక సైడు అద్దంలో చూశాడు. ముగ్గురూ బిందెలు కింద పెట్టి, నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, రోజూ నీళ్ళబండి వచ్చే వంతెన వైపు చూస్తున్నారు. గుక్కెడు మంచినీళ్ళు దొరకని చోట ఉండేవాళ్ళు నీళ్ళ కోసం ఆమాత్రం చూడరా అని తనకు తానే సమాధానం చెప్పుకున్నాడు.

రెండోది తూము దగ్గర. అక్కడ ఉన్నది ఒకటే పాక, ఒకటే మనిషి. ఇత్తడిబిందె ముసలమ్మ రోడ్డు వారన నిలబడి ఉంది. కళ్ళకు పొరలు కమ్మి ఉన్నాయని అతను చూడటం ఆ రోజే. బండి ఆగిన చప్పుడుకు ఆమె రేకును తడుముకుంటూ ముందుకు వచ్చి, అద్దం మీద వేలి కణుపుతో కొట్టింది. మాలకొండయ్య అద్దం దించాడు.

"నాయనా, ఎవురి బండో ఏమో గానీ, నువ్వొచ్చే దోవలో తెల్లబండి ఒకటి ఆగిపోయి కనపడ్డదా? నీళ్ళబండి."

అతను తల అడ్డంగా ఊపాడు. అది ఆమెకు కనిపించలేదు.

"నీళ్ళకి కాదులే, నిన్నటియి సగం బిందె ఉండాయి," అంది ఆమె. "దాన్ని తోలే ఆయనకి దగ్గు. పోయిన నెల్లో రెండ్రోజులు బండైతే వచ్చింది గానీ దగ్గు రాలా. ఎవుడో వేరేవాడు తోలుకొచ్చాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదనుకో. మూడోరోజు దగ్గు వినబడ్డాకే నాలుగు మెతుకులు తిన్నా. మళ్ళీ మూడ్రోజులుగా ఆటో ఏదో వచ్చింది గానీ ఆ బండే రాలా, ఇయ్యాలా రాలా."

మాలకొండయ్య కిటికీ వైపు వంగాడు. ఆరేళ్ళలో ఆమె అతని మాట వినలేదు కాబట్టి గుర్తుపట్టే భయం లేదు. "ఆయన్నే అడగలేకపోయావా అవ్వా?"

"ఎట్టా అడిగేది నాయనా? అద్దం ఎత్తుకుని కూసుంటాడు. మాటలంటే గిట్టదేమో, నాబోటిది పలకరిస్తే ఇసుక్కుంటాడేమో. అందరూ ట్యాంకు మీద రెండు కొడతారు. నేను మూడు కొడతా. మూడోది ఆయనకి, పదిలంగా పోయి రమ్మని."

ఆ మూడో దెబ్బ మాలకొండయ్యకు బాగా తెలుసు. ముసలిదానికి మతిమరుపనీ, ఎన్ని కొట్టిందో గుర్తుండదనీ అనుకునేవాడు. విసుక్కున్న రోజులూ ఉన్నాయి. ఇప్పుడు లోపలినుంచి ఏదో తన్నుకొచ్చింది. దాన్ని అణచబోతే దగ్గు తెర వచ్చి, స్టీరింగు మీదకు వంగిపోయి దగ్గాడు.

ముసలమ్మ నిలువునా బిగుసుకుపోయింది. చెయ్యి కిటికీలోంచి లోపలికి పెట్టి, తడుముతూ అతని భుజం పట్టుకుంది. "ఓరి నీ దుంపతెగ! నువ్వా! ఇందాకట్నించీ నాచేత వాగించుకుంటా కూసున్నావా? బండికి ఏం మాయరోగమొచ్చింది, హారను కూడా లేకుండా వచ్చింది?" తిడుతూనే ఉంది, భుజం మాత్రం వదల్లేదు. భార్య పోయాక తననింత కోపంగా తిట్టినవాళ్ళు ఎవరూ లేరని అతనికి గుర్తొచ్చింది. తలుపు తీసుకుని దిగాడు. బిందె తానే నింపి, భుజాన పెట్టుకుని పాకలో దింపి వచ్చాడు. అక్కడి మట్టి మీద అతను కాలు మోపడం ఆరేళ్ళలో అదే మొదటిసారి. తర్వాత బండి వెనక్కి తిప్పి, మొదటి గట్టు దాకా హారన్ మోగిస్తూనే వెళ్ళాడు. అక్కడ ఆడవాళ్ళు ముగ్గురూ ముందు బెదిరి, తర్వాత అతన్ని దులిపేసి, ఆ తర్వాత పడీపడీ నవ్వారు.

గురువారం నాడు అతను ముందుగానే వచ్చాడు. మగ్గం గుంట పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. ముసలమ్మ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఇత్తడిబిందె అవ్వ అనే అన్నాడు. పున్నయ్యగారు నేత ఆపి, అంతా విని, గుంటలోంచి లేచి బయటికి వచ్చారు. సాయంత్రపు ఎండలో నిలబడ్డ బండి చుట్టూ నెమ్మదిగా తిరిగారు. కొత్త చీర అంచును చూసినట్టు తలుపు మీద అరచెయ్యి పెట్టి నిమిరి, "నెమలికంఠమే," అన్నారు.

"దీన్ని పీకించెయ్యమంటారా అయ్యా?" అన్నాడు మాలకొండయ్య. "తెల్లబండైతే వాళ్ళకి గుర్తు. ఆమెకి కళ్ళు కూడా సరిగా ఆనవు, పాపం. నాకోసం అంతగా చూసే మనిషి ఉందని తెలిశాక ఇంకెవురు చూడకపోతే ఏంది?"

"బాగానే ఉంది, ఉండనీ," అన్నారు పున్నయ్యగారు. లోపలికి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగారు.

"ఇంతకీ, ఆవిడ పేరేమన్నావు?"