ముద్ర లేని ఉత్తరం

ఆ కొండ ఊళ్లో ఉత్తరాలకు కవర్లు ఉండేవి కావు. కాగితం మీద రాసి, నాలుగు మడతలు పెట్టి, టపా మోసే మనిషి సంచిలో వేసేవారు. అతను మూడు రోజులు నడిచి రేవు పట్నం చేరేవాడు. దారిలో ఆ కొండల్ని ఏలే దొర పెట్టించిన మూడు చౌకీలు ఉండేవి. ప్రతి చౌకీలోనూ కాపలావాళ్లు సంచి దించి, కాగితాలన్నీ తీరిగ్గా విప్పి చదివి, మళ్లీ మడిచి పెట్టేవారు. దాన్ని ఎవరూ తప్పుగా అనుకోలేదు. సంతకు వెళ్లినప్పుడు చౌకీ మనిషే ఎదురొచ్చి, "మీ మేనత్తకు మోకాళ్ల నొప్పులు తగ్గాయట" అని చెబితే, సంతోషపడి ఇంటికి వచ్చేవారు.

ఆ ఊళ్లో ఇత్తడి పని చేసే ఒకామె ఉండేది. అందరూ తాళాలమ్మ అనేవారు. వాళ్ల నాన్న మంచాన పడ్డప్పుడు ఆమె రేవు పట్నంలో ఉన్న చెల్లెలికి "వెంటనే రా" అని రాసింది. చెల్లెలికి అందిన కాగితంలో "తొందర లేదు" అని ఉంది. ఏ చౌకీలో దిద్దారో, ఎందుకు దిద్దారో తెలియలేదు. బహుశా ఏమీ తోచక దిద్ది ఉంటారు. చెల్లెలు వచ్చేసరికి పదకొండో రోజు కూడా దాటిపోయింది.

ఆ తర్వాత తాళాలమ్మ రెండు వస్తువులు చేసింది. ఒకటి చిన్న ఇత్తడి పెట్టె, దానికో తాళం. ఆ తాళం నొక్కితే పడిపోతుంది, ఎవరైనా వేయొచ్చు. తెరవడానికి మాత్రం ఒకటే తాళంచెవి, అది ఉత్తరం అందుకునే మనిషి దగ్గరే ఉంటుంది. కాబట్టి తెరిచి ఉన్న తాళాలను ఊరంతా పంచిపెట్టినా భయం లేదు. రెండోది ముద్ర. ఒక మనిషికి ఒకటే ముద్ర. రాసిన కాగితం మీద లక్క కరిగించి ముద్ర వేశాక, ఒక్క అక్షరం దిద్దినా లక్క పగిలిపోతుంది. ఎలా పగులుతుందో ఆమె ఎంత చెప్పినా ఎవరికీ అర్థం కాలేదు గానీ, పగిలేది.

చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. వాడినవాళ్లు లేరు.

"దాచుకోవడానికి మా దగ్గరేముంది తాళాలమ్మా" అన్నారు కొందరు. "తాళంచెవి ఎక్కడ పెట్టానో నాకే గుర్తుండదు" అన్నారు ఇంకొందరు. ఆ ఊరి వైద్యుడు పెట్టెను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నవ్వుతూ తిరిగిచ్చాడు. "నేను రాసేవి పథ్యం సంగతులు. చౌకీ వాళ్లు చదివితే వాళ్లకే మంచిది."

రెండేళ్ల తర్వాత కొండపైన దొర గని తవ్వించడం మొదలుపెట్టాడు. ఊరి మధ్య పారే వాగు మొదట ఎర్రబడింది, తర్వాత మామూలు రంగుకొచ్చింది. మామూలు రంగుకొచ్చాకే పిల్లల కాళ్లు వాచడం మొదలైంది. వైద్యుడు ఇల్లిల్లూ తిరిగి జబ్బుపడినవాళ్ల పేర్లు రాసుకున్నాడు. ముప్పై ఏడు పేర్లయ్యాయి. ఆ కాగితం పట్టుకుని తాళాలమ్మ దగ్గరికి వచ్చాడు.

"రేవు పట్నం న్యాయాధికారి తాళం నీ దగ్గర ఉందన్నావు."

"మా చెల్లెలి చేత ఆయనకిప్పిస్తే, తాళం తెరిచి తిరిగి పంపించారు. చెవి ఆయన దగ్గరే ఉంది."

"అది కావాలి. ఒక ముద్ర కూడా చెక్కిపెట్టు."

తాళాలమ్మ ముద్ర చెక్కి ఇచ్చింది. తాళం మాత్రం చేతిలోనే పట్టుకుంది. "వైద్యుడుగారూ, సంచిలో వంద ఉత్తరాలు విప్పి ఉండి, ఒక్కదానికి తాళం ఉంటే, వాళ్లు ఆ ఒక్కదాన్నే పట్టుకుంటారు. నాకు వారం రోజులు టైమివ్వండి. అందరి చేతా పెట్టెల్లో పెట్టిస్తాను. ఆవకాయ కుదిరిందని రాసినా సరే, తాళం వేయిస్తాను."

ఆమె ఆ వారమంతా గడప గడపా ఎక్కింది. పెట్టెలు ఊరికే ఇస్తానంది. ఒకరు వచ్చే టపాకి చూద్దామన్నారు. ఒకరు, ఇన్నాళ్లూ లేని తాళం ఇప్పుడు వేస్తే చౌకీ వాళ్లకు అనుమానం రాదా అన్నారు. ఒక ముసలామె సరేనని పెట్టె తీసుకుంది. సాయంత్రానికి ఆమె కోడలు వచ్చి, "మా అత్తకు తెలియక తీసుకుంది" అని అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది.

ఎనిమిదో రోజు వైద్యుడు ఇక ఆగనన్నాడు. అప్పటికి పేర్లు నలభై ఒకటి. కాగితం మీద ముద్ర వేసి, పెట్టెలో పెట్టి, తనే తాళం నొక్కి టపా సంచిలో వేశాడు.

మొదటి చౌకీలో పెట్టెను తెరవలేకపోయారు. తెరవాల్సిన అవసరమూ పడలేదు. ఎవరిచ్చారని టపా మోసే మనిషిని అడిగారు. అతను చెప్పాడు.

మర్నాడు దొర మనుషులు ఇద్దరు వచ్చి, ఒక మాట మాట్లాడి వద్దురుగాని రమ్మని వైద్యుణ్ణి తీసుకెళ్లారు. ఆయన ముద్రను మొలతాడుకు కట్టుకునే వెళ్లాడు.

ఇరవై రోజులకు ఉత్తరం వచ్చింది. తాళం లేదు, నాలుగు మడతల మామూలు కాగితం. వైద్యుడి భార్య వాగు ఒడ్డున నిలబడి అందరికీ చదివి వినిపించింది. తాను క్షేమంగా ఉన్నానని, రేవు పట్నంలో పెద్ద ఉద్యోగం దొరికిందని, నీళ్లు మంచివేనని, జాబితా తన పొరపాటని, ఎప్పటిలాగే తాగమని అందులో ఉంది.

జనం ఊపిరి పీల్చుకున్నారు. తాళాలమ్మ కాగితం అడిగి తీసుకుని, రెండు వైపులా చూసింది.

"ముద్ర లేదు తల్లీ" అంది మెల్లగా.

"రాత ఆయనదే." వైద్యుడి భార్య కాగితం వెనక్కి తీసుకుంది. "ఆయన రాత నాకు తెలియదా?"

"ముద్ర ఆయన దగ్గరే ఉంది. వేయకుండా ఎందుకు పంపుతారు?"

వెనక నుంచి ఎవరో, "నీ సరుకు అమ్ముడుపోలేదని ఆ ఇల్లాలిని ఏడిపించకు" అన్నారు. ఆ ఉత్తరం అబద్ధమంటే, ఆయన క్షేమంగా లేడని అనడమే. ఆ మాట భార్య ముఖం మీద అనడానికి తాళాలమ్మకు నోరు రాలేదు. తర్వాత చాలా రోజులు ఆ మౌనమే ఆమెను తినేసింది.

ఊరు వాగు నీళ్లు తాగింది. వానలు వెనకబట్టేలోగా వాగు అవతల తొమ్మిది చిన్న సమాధులు లేచాయి. పిల్లలకు దిష్టి తగిలిందన్నారు, గాలి మారిందన్నారు. నీళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. వైద్యుడుగారే రాశారు కదా.

ఒక ఉదయం వైద్యుడి భార్య తాళాలమ్మ కొలిమి దగ్గరికి వచ్చింది. బాగా చిక్కిపోయింది. తాళాలమ్మ చెంబుతో నీళ్లిచ్చింది.

"ఇవి ఎక్కడివక్కా?"

"కొండ అవతలి ఊటవి. రోజూ నేనే మోసుకొస్తాను."

ఆమె అప్పుడు తాగింది. "నేనూ అక్కణ్ణుంచే తెచ్చుకుంటున్నాను. నీకు కనపడకుండా, ఇంకా తెల్లారకముందే వెళ్లి వస్తాను."

"ఎప్పటినుంచి?"

"ఆ ఉత్తరం వచ్చిన రోజు నుంచి."

తాళాలమ్మ చేతిలోని, ఇత్తడి అరగదీసే ఆకురాయి కింద పెట్టింది.

"మొదటి మాటలోనే తెలిసిపోయింది" అంది వైద్యుడి భార్య. "అందులో నన్ను పేరు పెట్టి పిలిచారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. ఇదిగో అంటారు, వింటున్నావా అంటారు. తెలిసి కూడా గట్టిగా చదివాను. చదువుతున్నంతసేపూ ఆయన బతికే ఉన్నట్టనిపించింది."

కొలిమిలో బొగ్గులు చల్లారుతున్నాయి. తాళాలమ్మ వాటిని కదపలేదు.

"తొమ్మిది మంది" అంది వైద్యుడి భార్య.

"తొమ్మిది మంది" అంది తాళాలమ్మ.

వైద్యుడి భార్య కొంగులోంచి ఒక కాగితం తీసింది. తాళాలమ్మ లేచి, అలవాటుగా పెట్టె కోసం చెయ్యి చాచింది.

"పెట్టె వద్దక్కా. ఇది ఎవరికీ పంపేది కాదు. ఆ ఉత్తరం ఆయనది కాదని, వాగు నీళ్లు తాగొద్దని రాశాను. వాగు ఒడ్డున రాయికి అంటిస్తాను, అందరూ చదవాలి. ముద్ర ఒక్కటి చెక్కిపెట్టు. రాసింది నేనేనని తెలియాలి. రేపు ఎవరైనా దిద్దితే, అదీ తెలియాలి."

"చౌకీ వాళ్లు కూడా చదువుతారమ్మా."

"చదవనీ."

తాళాలమ్మ ఇత్తడి ముక్క తీసుకుని పేరు అడిగింది. ఆమె చెప్పింది. తాళాలమ్మ ఆ పేరు వినడం అదే మొదలు. ఊరందరికీ ఆమె వైద్యుడిగారి భార్యే.

అందులో ఉన్నవి మూడు అక్షరాలు. గంటలో అయ్యే పని. వైద్యుడి భార్య గుమ్మం దగ్గర కూర్చుని, ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. ఆ మూడు అక్షరాలు చెక్కడానికి తాళాలమ్మకు పొద్దు వాలేదాకా పట్టింది.