బుల్లెమ్మ పొట్టలో దారం

బొబ్బిలిలో దర్జీ పైడయ్య ఇంటిని మించిన తెలివైన ఇల్లు లేదట. ఆ మాట అన్నది పైడయ్యే. ఔనంది అతని పెళ్ళాం నరసమ్మ. తమ్ముడు సన్యాసయ్య రెండుసార్లు ఔనన్నాడు. ఆ ఇంట్లో పద్నాలుగేళ్ళ ముసలి పిల్లి ఒకటుంది, పేరు బుల్లెమ్మ. పిల్లల్లేని నరసమ్మకి అదే కూతురు.

ఒకసారి బుల్లెమ్మ మూడు రోజులు ముద్ద ముట్టలేదు. తాగిన నీళ్ళు కూడా కక్కేసింది. నరసమ్మ ఏడుపు లంకించుకుంది. అంతే, ముగ్గురూ పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. ఆయన పొట్ట నొక్కి చూసి, పేగులో ఏదో అడ్డం పడినట్టుంది, ముసలి ప్రాణం, ఆలస్యమైతే దక్కదు, ముందు ఎక్స్‌రే తీద్దాం అన్నాడు. అదేమిటని సన్యాసయ్య అడిగితే, ఫొటో లాంటిదే అన్నాడు. ఇంకేముంది, నరసమ్మ పిల్లికి పౌడరు రాసి బొట్టు పెట్టింది. కదలకుండా గట్టిగా పట్టుకోమంటే అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు గట్టిగా పట్టుకున్నారు. పిల్లి బల్ల దిగి పోయింది.

ఎలాగో ఎక్స్‌రే అయింది. ఫిల్ము చూసి నరసమ్మ మొహం మాడ్చుకుంది. బొట్టు లేదు, మీసాలు లేవు, ఇది మా పిల్ల కాదంది. డాక్టరు ఓపిగ్గా వేలు పెట్టి చూపించాడు. ఇక్కడ పేగు గాలితో ఉబ్బింది, ఇదిగో ఇక్కడే అడ్డం, దీన్ని కోసి తీసెయ్యాలి అని చెప్పి, సామాను సర్దుకోవడానికి లోపలికెళ్ళాడు. అంతే. దర్జీకి కత్తెర పని ఇంకొకరు చెప్పాలా? ఆయన చూపించిన చోట పైడయ్య ఫిల్ముని గుండ్రంగా కత్తిరించేశాడు.

"మీకెందుకు బాబూ శ్రమ, మేమే తీసీసినాం," అని లోపలికి ఒక కేక పెట్టి, పిల్లిని సంకనేసుకుని ఇంటిదారి పట్టారు.

పాపం, డాక్టరు వీధి మలుపు దాకా వెంటపడి పిల్లిని లాక్కొచ్చి ఆపరేషను చేశాడు. మూరెడు తెల్లదారం బయటపడింది. బుల్లెమ్మ బతికింది. నరసమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నాకూ సంతోషమే, కానీ వాళ్ళ తెలివి ఇంకా పూర్తిగా తెల్లారలేదు.

"ఇకమీదట ఈ పిల్లి దరిదాపుల్లో దారప్పోగు కనబడకూడదు," అని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు.

ఇంకేముంది, ఇంటికి రాగానే దారపుండలన్నీ వీధిలో పారేశారు. దుప్పట్ల కుట్లు విప్పారు. జనం కుట్టించుకున్న బట్టలన్నీ ఊడదీశారు, మర్నాటి పెళ్ళికొడుకు లాల్చీతో సహా. సన్యాసయ్య ఒంటిమీది చొక్కా కూడా విప్పేసి, చేతులు వేరు, వీపు వేరు చేసి మడతపెట్టాడు. హమ్మయ్య అనుకుని నరసమ్మ పిల్లిని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టింది. తీరా చూస్తే, పొట్ట మీద వరసగా తొమ్మిది కుట్లు.

"ఓలమ్మో, డాక్టరే దారం ఎట్టీసినాడు. కత్తెర తే," అంది మొగుడితో.

కత్తెర చూడగానే బుల్లెమ్మ అటకెక్కేసింది. పైడయ్య వెదురు నిచ్చెన వేసుకుని ఎక్కాడు. సగం దాకా వెళ్ళాడో లేదో, మెట్లకి కట్టిన పురికొస కంటబడింది. ఇదీ పోగే కదా, పిల్లికి ఇంత దగ్గర్లో ఉంటే ఇంకేమైనా ఉందా అనుకున్నాడు. అంతే, తను నిలబడ్డ మెట్టు కట్లే ముందు కోసేశాడు.